మనది కాని ఇంట మన కాపురము



మన పల్లె సంఘములలో ఆదివారపు ఆరాధనకు కూడివచ్చువారిలో నడివయస్సువారును వృద్ధులునే ఎక్కువగా కనబడుచున్నారు. యౌవనస్థులు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, విశాఖపట్టణములోనో, సముద్రము దాటి దుబాయిలోనో డల్లాసులోనో ఉన్నారు. వారిలో చాలమంది ఉండునవి అద్దె ఇండ్లు. అందును ఈ కాలమున ఒక విధమైన అద్దె ఇంటిని గూర్చి తరచుగా వినుచున్నాము. మంచము, పరుపు, సోఫా, భోజనపు బల్ల, బీరువా, ఫ్రిజ్, బట్టలుతుకు యంత్రము, గ్యాసు పొయ్యి, కిటికీ తెరలు, తుదకు గోడమీది బొమ్మలతో సహా యజమానియే అమర్చి యిచ్చు ఇల్లు. దానిని ఫర్నిష్డ్ ఫ్లాట్ అని అందరును అనుచున్నారు గనుక మేమును అట్లే అందుము. ఒక పెట్టె చేతపట్టుకొని లోపలికి వచ్చి ఆ రాత్రియే కాపురము మొదలు పెట్టవచ్చును. అదే పెట్టె చేతపట్టుకొని వెళ్లిపోవచ్చును.

మా సంఘములో పెరిగి, పెండ్లియై హైదరాబాదు చేరిన ఒక యువతి మాకు ఫోనులో ఒక వర్తమానము పంపినది. "అయ్యగారూ, ఇంట్లో కర్టెన్లు మార్చుకుందామంటే, పదకొండు నెలల ఇంటికి ఎందుకు అంటున్నారు మా ఆయన. ఆయన మాటా నిజమే. కాని ఎవరో ఎంచుకున్న కర్టెన్ల మధ్య, ఎవరో కొన్న మంచం మీద పడుకుంటే, చుట్టాలింటికి వచ్చి ఇంకా వెళ్లనట్టుగా ఉంది. మనది కాని ఇంటి మీద డబ్బూ మనసూ పెట్టడం తప్పా?"

దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పవచ్చును. తప్పు కాదు. కాని అంతటితో ఊరకుండుటకు మాకు మనస్సు ఒప్పలేదు. ఆమె భర్త మాటలోను న్యాయము కలదు గనుక మొదట దానిని చూతము.

పదకొండు నెలలను ఈ లెక్క ఎక్కడనుండి వచ్చినది? ఏడాదికి మించిన అద్దె ఒడంబడికను రిజిష్టరు చేయించవలెనని 1908వ సంవత్సరపు రిజిస్ట్రేషను చట్టములో ఉన్నది. ఆ ఖర్చును శ్రమను తప్పించుకొనుటకై దేశమంతట పదకొండు నెలల కాగితము వాడుకలోనికి వచ్చినది. కాగితము పదకొండు నెలలదే అయినను, దానిని మరల మరల వ్రాసికొనుచు ఆరేండ్లు ఏడేండ్లు ఒకే ఇంట ఉన్న కుటుంబములను మేమెరుగుదుము. అయితే వారు ప్రతి ఏడును ఇదే ఆఖరి ఏడను తలంపుతో గడిపిరి. ఒక కుండీ కొనలేదు. గోడకు ఒక పటము తగిలింపలేదు. పెండ్లికి వచ్చిన మంచి గిన్నెలను అట్టపెట్టెలలోనుండి తీయలేదు. "సొంతింటికి వెళ్లాక తీద్దాంలే" అని ఆ ఇంటి ఇల్లాలు చెప్పుచుండెను. ఇంతలో వారి పిల్లవాడు మూడవ తరగతికి వచ్చెను.

అట్లని ఆ భర్తను మేము తప్పుపట్టము. అతనికి ఊరిలో తండ్రి చేసిన అప్పు ఉండవచ్చును, చెల్లెలి పెండ్లి ఉండవచ్చును. చేరునప్పుడే రెండు నెలల అద్దె అడ్వాన్సుగా పోసియుండును. బెంగుళూరులోనైతే పది నెలల అద్దె ముందుగా అడుగు వాడుక చాలకాలము నడిచినది. ఇన్ని చెల్లించినవాడు ఇంకొక వెయ్యి రూపాయలు తెరలకు పెట్టుమనగా వెనుకాడుట వింత కాదు. ప్రతి రూపాయిని లెక్కించువానిని లోభి యనరాదు. అప్పు చేసి, వాయిదాలమీద వస్తువులు కొని, నలుగురు చూచి మెచ్చుటకు ఇల్లు సింగారించుకొనువారికన్న అతడే మేలు.

కాని అతని లెక్కలో ఒక అంకె తప్పిపోయినది. అద్దె ఇంట గడిపిన దినములును అతని ఆయుష్షులోని దినములే.

చెరలోనికి కొనిపోబడిన యూదులకు యిర్మీయా వ్రాసి పంపిన ఉత్తరమును, అనగా ఆ గ్రంథములోని 29వ అధ్యాయమును, ఈ సంగతి మనస్సులో నుంచుకొని మరల చదువుడి. క్రీ.పూ. 597లో యెకొన్యా రాజుతో కూడ బబులోనుకు పోయినవారికి అది వ్రాయబడినది. ఇండ్లు కట్టుకొనుడని, తోటలు నాటి వాటి ఫలములు తినుడని, పెండ్లిండ్లు చేసికొనుడని, ఆ పట్టణపు క్షేమమును కోరి ప్రార్థన చేయుడని ప్రవక్త వారికి చెప్పెను. ఆ ఉత్తరమునకు ముందున్న అధ్యాయమును చదువనివారికి దాని పదును తెలియదు. అందులో హనన్యా యను మరియొక ప్రవక్త లేచి, రెండేండ్లలో అందరును తిరిగి వత్తురని ప్రకటించెను. ప్రజలకు ఏ మాట తియ్యగా తోచియుండును? హనన్యా మాటయే. రెండేండ్లకైతే ఇల్లు కట్టుకొననేల, తోట నాటనేల? మూట విప్పకుండ తలక్రింద పెట్టుకొని పండుకొనవచ్చును. యిర్మీయా చెప్పిన లెక్క డెబ్బది ఏండ్లు. మొదటి ఏట బబులోనులో పుట్టిన బిడ్డ, తిరిగి వెళ్లు దినమునకు డెబ్బది ఏండ్ల ముదుసలి యగును. ఆ బిడ్డకు ఇల్లు ఎక్కడ? తల్లిదండ్రులు కథలుగా చెప్పిన యెరూషలేములోనా, తాను ప్రాకిన ఆ బబులోను గడపలోనా?

ఫ్లాటులో పెరుగుచున్న మూడేండ్ల పిల్లకు అద్దె యననేమో తెలియదు. మంచము యజమానిదని, గోడకు రంగు పెన్సిలు తగిలిన అడ్వాన్సులో కోత పడునని తల్లి గద్దించునప్పుడు మాత్రము, ఇది మనది కాదట అని దానికి మొదటిసారి తెలియును. గోడలు పాడుచేయనిమ్మని మేము చెప్పుట లేదు. ఒక పెద్ద కాగితమును గోడకు అంటించి, ఇక్కడ వ్రాసికొనుమని చెప్పవచ్చును. బిడ్డకు ఒక మూల దానిదై యుండవలెను.

సామానుతో కూడిన ఇంటిలో ఒక ప్రత్యేకమైన చిక్కు కలదు. ఖాళీ ఇంటిలో చేరినప్పుడు మంచము ఎక్కడ వేయవలెను, బియ్యపు డబ్బా ఎక్కడ పెట్టవలెను అని మనము ఆలోచింతుము. ఆ ఆలోచనలోనే సగము ఇల్లు మనదగును. నిండిన ఇంటిలో అన్నియు ముందే నిర్ణయింపబడి యున్నవి. మన మెన్నడును చూడని మంచుకొండల పటము, దుమ్ముపట్టిన ప్లాస్టికు పూవులు, నడువని గడియారము, తాళము వేసిన ఒక బీరువా. ఆ బీరువాలో యజమాని వస్తువులున్నవి. దాని ప్రక్కనుండి నడచునప్పుడెల్ల, నీవు అతిథివి సుమా అని అది చెప్పుచున్నట్లుండును.

మరి సామానుతో కూడిన గది బైబిలులో లేదా? కలదు. రాజుల రెండవ గ్రంథము 4వ అధ్యాయములో షూనేములోని ఘనురాలగు స్త్రీ తన భర్తతో ఆలోచించి, దారిన పోవుచు వచ్చుచునుండు ఎలీషా నిమిత్తము మేడమీద ఒక చిన్న గది కట్టించెను. అందులో ఆమె ఉంచిన సామాను నాలుగు వస్తువులే: మంచము, బల్ల, పీట, దీపస్తంభము. ఈ జాబితాను మేము అనేక పర్యాయములు ఆలోచించితిమి. పండుకొనుటకొకటి, వ్రాసికొనుటకు తినుటకు ఒకటి, కూర్చుండుటకొకటి, వెలుగునకొకటి. అలంకారము ఒక్కటియు లేదు. అయినను ఆ గదిలోనికి వచ్చినవాడు, ఇతరుల యింట ఉన్నానని బిడియపడక అక్కడ పండుకొనెను. వచ్చువాడెవడో, వానికేమి కావలెనో ఎరిగి అమర్చిన చేయి ఆ సామాను వెనుక ఉండెను. నేటి ఫర్నిష్డ్ ఫ్లాటులో వస్తువులు నలువది ఉన్నను ఆ చేయి లేదు. ఎవరో ఒకరు వత్తురని అమర్చినది అది. కనుక ఆ చేయి పని ఇప్పుడు కాపురముండువారే చేసికొనవలెను.

షూనేమీయురాలి కథ అంతటితో ముగియలేదు. ఎలీషా ఆమెకేమి చేయవలెనని అడుగగా, తనవారి మధ్య తాను కాపురమున్నానని, తనకేమియు అక్కర లేదని ఆమె చెప్పెను. ఆమె ఎంత స్థిరముగా ఉండెనో చూడుడి. తరువాత 8వ అధ్యాయములో కరవు వచ్చెను. ఆ స్త్రీయే తన ఇంటివారితో కూడ లేచి ఫిలిష్తీయుల దేశమునకు పోయి ఏడేండ్లు పరవాసిగా ఉండెను. ఇతరులకు గది అమర్చిన ఆమెకు అక్కడ ఎవరు గది అమర్చిరో వ్రాయబడలేదు. తిరిగి వచ్చి తన ఇంటికొరకు పొలముకొరకు రాజునొద్ద మొరపెట్టుకొనవలసి వచ్చెను. సొంత ఇల్లు ఉన్నవారు అద్దెకుండువారిని చులకనగా చూచుచో ఈ రెండు అధ్యాయములను వెంటవెంట చదువవలెనని మేము కోరుచున్నాము.

ఇప్పుడు ఒక వృద్ధురాలి సంగతి చెప్పెదము. మా ఊరిలో భర్త చనిపోయిన తరువాత ఆమెను కుమారుడు హైదరాబాదుకు తీసికొనిపోయెను. మేము నగరమునకు పోయినప్పుడు చూడబోతిమి. నాలుగవ అంతస్తులో మంచి గాలి వెలుతురు గల ఫ్లాటు. కుమారుడును కోడలును ఆమెను ప్రేమతోనే చూచుచున్నారు. అయినను ఆమె సోఫా అంచున, బస్సుకొరకు కాచుకొన్నదానివలె కూర్చుండి యుండెను. ఊరినుండి తెచ్చిన మూటను మంచము క్రిందనే, ముడి విప్పకుండ ఉంచెను.

"ఏమవ్వా, ఇల్లు బాగున్నదా?" అని అడిగితిమి.

"ఇల్లు బాగానే ఉంది అయ్యగారూ. ఎవరిదో అంత బాగా ఉంది. ఆ మంచం మీద ఎవరు పడుకున్నారో, ఎవరు పోయారో తెలవదు. నేను కిందే పడుకుంటన్నా" అని ఆమె చెప్పెను.

కోడలు నొచ్చుకొన్నది. కాని అవ్వ మాటలో తప్పు లేదు. మన పల్లెలలో మంచమునకు చరిత్ర కలదు. ఇది తాత మంచము, ఇది పురిటి మంచము అని అందుము. స్టీలు గిన్నెలమీద పేర్లు కొట్టించుకొను జాతి మనది. పెండ్లి తేదీతో సహా గిన్నె అంచున చెక్కించి, ఊరంతటికి వంట పాత్రలు ఎరువిచ్చినను మన గిన్నె మనకు తిరిగి వచ్చునట్లు చేసికొనువారము. అట్టి ఆమెను పేరు లేని సామాను మధ్య కూర్చుండబెట్టి, సుఖముగా ఉండుమనిన ఎట్లు?

ఆ కోడలు తరువాత చేసిన పనులను ఆమెయే ఫోనులో మాకు చెప్పెను. ఇంటి యజమానిని అడిగి, ముందరి గదిలోని పెద్ద సోఫాను గోడకు జరిపించెను. తివాచీని చుట్టి మంచము క్రిందికి నెట్టి, ఊరినుండి ఈతచాప తెప్పించి పరచెను. పరుపును ఎండలో వేసి, దానిమీద అవ్వ పాతచీరలతో కుట్టిన బొంతను వేసెను. వంటయింటిలో అందమైన గాజు పాత్రలను పై అరలోనికి ఎత్తి, క్రింది అరలో అవ్వ చేతికందునట్లు పేర్లు కొట్టిన గిన్నెలను, పచ్చడి జాడీని పెట్టెను. సాయంకాలమున బాల్కనీలో కూర్చుండి చింతపండు గింజ తీయుట అవ్వ పనియైనది. ఎదురింటి ఇల్లాలు కర్నూలు ప్రాంతపు మనిషి. ఒక దినమున గోంగూర పచ్చడి వాసన పట్టుకొని తలుపు కొట్టినది. ఇప్పుడు ఇద్దరును ప్రతి మధ్యాహ్నమును మాటలాడుకొందురట. మూట మాత్రము ఇంకను మంచము క్రిందనే ఉన్నదట. అందులోనుండి ఆమె మంచినీళ్ల గ్లాసు బయటికి వచ్చినది. అంతవరకు మంచిదే.

దీనికంతటికి అయిన ఖర్చు చాపకును బస్సు పార్సిలుకును మాత్రమే. కర్టెన్లను గూర్చి అడిగిన మా యువతికి మేము ఈ సంగతినే వ్రాసితిమి. మొదట కొనుట కాదు, తీసివేయుట. యజమాని అనుమతితో, నీ కంటికి పరాయిగా తోచు చిన్న వస్తువులను ఒక అట్టపెట్టెలో పెట్టి, జాబితా వ్రాసి, ఫోనులో ఛాయాచిత్రము తీసి భద్రపరచుము. అప్పుడు గదిలో ఎంత ఖాళీ ఏర్పడునో చూడుము. తరువాత నిద్రకు సంబంధించినవి మార్చుము: దుప్పటి, తలగడలు, పడకగది దీపము. ఒడలికి తగులునవి మనవైనచో తక్కినవి యజమానివైనను బాధ తక్కువ. ఆ పైని వంట. ఏ ఇంటనైనను మనయింటి తాళింపు వాసన నాలుగు దినములు నిలిచిన తరువాత గోడలు కొంత లొంగును. తెరలు అటు తరువాత. బాల్కనీలో ఒక కుండీలో కరివేపాకు, ఒక డబ్బాలో పుదీన చాలును. గోడకు మేకులు కొట్టుటకు యజమాని ఒప్పనియెడల అంటుకొను కొక్కెములు అంగడిలో దొరకును.

యజమాని హిందువైనచో ఆ ఫ్లాటులో పూజగది ఉండును. దీనిని గూర్చి మన యౌవనస్థులు మమ్మును అడుగుచుందురు. కొందరు అందులో చీపురు, చెప్పులు పెట్టుట మేము చూచితిమి. అది భక్తి కాదు, మర్యాదయు కాదు. పటములున్నచో తీసికొనిపొమ్మని యజమానిని వినయముగా అడుగుడి. ఖాళీ గదిని శుభ్రముగా ఉంచి, పుస్తకములకో ధాన్యమునకో వాడుకొనుడి. ఇతరుడు పవిత్రముగా ఎంచిన చోటును అవమానపరచి మన ఇంటిని మనదిగా చేసికొనలేము.

ఇంతకన్న కఠినమైన సంగతి ఒకటి కలదు. దానిని దాటిపోయినచో ఈ వ్యాసము వ్రాయనక్కర లేదు. మన బిడ్డలలో అనేకులు ఇల్లు చూడబోయినప్పుడు మొదటి ప్రశ్న అద్దెను గూర్చి రాదు. "మీరేమిటోళ్లండీ?" అని వచ్చును. ఇంటి పేరు అడుగుదురు, ఊరిలో ఇల్లు ఏ వైపున అని అడుగుదురు. శాకాహారులకు మాత్రమే అని కొన్ని చోట్ల బోర్డే ఉండును. ఇంజనీరు ఉద్యోగము, నెల జీతము, మంచి నడవడి, ఇవన్నియు ఆ ఒక్క ప్రశ్న యెదుట నిలువవు. అప్పుడు కొందరు ఇంటి పేరు మార్చి చెప్పుచున్నారు. వాక్యము గల క్యాలెండరును గోడకు వ్రేలాడదీయక బీరువాలో పెట్టుచున్నారు. ఎండుచేపలు వేపుకొనవలెనన్న ఆదివారము స్నేహితుల ఇంటికి పోవుచున్నారు. అట్టి ఇల్లు ఎంత సామానుతో నిండియున్నను ఇల్లగునా?

ఇందులో సిగ్గు ఎవరిది? అడుగువానిది. ఈ మాట మొదట స్పష్టముగా చెప్పవలెను. తలదాచుకొనుటకు చోటు వెదకువానిని కులమడిగినవాడు, వాని యెదుట తలుపు మూసినవాడు దేవునికి లెక్క చెప్పవలసియున్నది. మౌనముగా ఉన్న మన బిడ్డలను మేము గద్దించము. ఎస్తేరు రాజనగరులో తన జనమును గూర్చి తెలుపకుండెను. మొర్దెకై ఆమెకు అట్లే చెప్పియుండెను. మరొక ప్రక్కన దానియేలు నిషేధాజ్ఞ వచ్చిన తరువాతను తన మేడగదిలోని కిటికీలు తెరిచియే ప్రార్థించెను. ఇద్దరును పరదేశములో, తమవి కాని ఇండ్లలో ఉన్నవారే. గ్రంథము ఇద్దరిని ఆదరించుచున్నది. ఎవరి స్థితిలో ఏది తగునో దూరమునుండి మేము నిర్ణయింపజాలము. కాని మౌనము వేరు, అబద్ధపు పేరు వేరు. అబద్ధపు పేరుతో చేరిన ఇంటిలో, పిల్లలకు బడిలో ఒక పేరు మెట్లమీద ఒక పేరు నేర్పవలసి వచ్చును. ఆ పిల్ల ఆ ఇంట ఏనాడును నిర్భయముగా అరచి ఆడుకొనదు. మాంసము వండమని మాట ఇచ్చి చేరినచో ఆ మాట నిలుపుకొనవలెను; నిలుపుకొనలేనిచో, కొంచెము దూరమైనను, కొంచెము ఇరుకైనను, తలుపు తెరచి చేపలపులుసు వండుకొనగల ఇల్లు చూచుకొనుట మేలని మా తలంపు. ఇరుకైన ఆ ఇంటిలో సోఫా లేకపోవచ్చును.

ఈ సందర్భమున మన సంఘములలో ఇండ్లు అద్దెకిచ్చు పెద్దలకు ఒక మాట. వారును కొన్ని ప్రశ్నలు అడుగుచున్నారని మేము వింటిమి. ఏ మిషనువారు, ఏ పాలెమువారు, మనవారిలోనే ఏ తెగవారు అని. అడ్వాన్సు తిరిగి ఇచ్చునప్పుడు రంగు వేయించుటకని ఒక నెల అద్దె పట్టుకొనువారిలోను వారున్నారు. నివాసపు ఇండ్లకు రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు తీసికొనరాదని 2021లో కేంద్ర ప్రభుత్వము ఆమోదించిన మాదిరి అద్దె చట్టములో ఉన్నది. రాష్ట్రములు దానిని స్వీకరించుట వేరు సంగతి. చట్టము చెప్పకముందే న్యాయము మనకు తెలిసియుండవలెను గదా.

అద్దెకుండువారి బాధ్యతను గూర్చి చట్టము చెప్పినది మాకు చాల నచ్చినది. 1882వ సంవత్సరపు ఆస్తి బదలాయింపు చట్టము 108వ విభాగములో, వేరు ఒడంబడిక లేనియెడల, అద్దెకుండువాడు ఆ ఇంటిని సామాన్య వివేకము గలవాడు తన సొంతదానిని వాడుకొనునట్లు వాడుకొనవచ్చునని, వాడుకవలన సహజముగా కలుగు అరుగుదల తప్ప తాను పుచ్చుకొన్న స్థితిలోనే తిరిగి అప్పగింపవలెనని ఉన్నది. సొంతదానివలె వాడుకొనుము, సొంతముకాని దానివలె అప్పగింపుము. ఈ రెండును ఒకే విభాగములో ఉన్నవి. మన యువతి ప్రశ్నకు, ఆమె భర్త సందేహమునకు కూడ అందులో చోటున్నది.

సంఘకాపరులమైన మాకు ఈ జీవితము క్రొత్త కాదు. మేము ఉండు పాస్టరు ఇల్లు సంఘముది. అందులోని మంచము, రెండు కుర్చీలు, బీరువా సంఘమువి. వాటి కాళ్లమీద సంఘము పేరు రంగుతో వ్రాయబడియున్నది. బదిలీ అయినప్పుడు వాటిని లెక్కపెట్టి అప్పగించి పోవుదుము. మా కంటె ముందున్న అయ్యగారు వెనుక దొడ్డిలో రెండు కొబ్బరి మొక్కలు నాటిపోయిరి. కొబ్బరి కాపుకు రావలెనన్న ఐదారేండ్లు పట్టును. అంతకాలము తమను అక్కడ ఉంచరని ఆయనకు తెలియును. నేడు మా పిల్లలు ఆ కాయలనీళ్లు త్రాగుచున్నారు. ఆయన ఎవరికొరకు నాటెనో ఆయనకును తెలియదు. మా ఇంటి అమ్మగారు గోరింట కొమ్మ ఒకటి ఆ ప్రక్కనే పెట్టిరి.

పౌలు రోమాలో రెండు సంవత్సరములు అద్దె ఇంట కాపురముండెనని అపొస్తలుల కార్యముల చివరి అధ్యాయము చెప్పుచున్నది. ఆయనను కావలికాయుటకు ఒక సైనికుడు కూడ ఉండెను. ఆ ఇంటి గోడలను గూర్చి గాని సామానును గూర్చి గాని లూకా ఒక్క మాటయు వ్రాయలేదు. వచ్చువారినందరిని ఆయన చేర్చుకొనెనని మాత్రము వ్రాసెను. సంకెల ఉన్న చేతితోనే. అద్దె ఇంట ఉన్నామని, కుర్చీలు చాలవని, పరాయి బల్ల మీద మరక పడునని చుట్టములను పిలువక వాయిదా వేయువారు ఈ వచనమును జ్ఞాపకము చేసికొనవలెను. గల్ఫు దేశములలో ఒక గదిలో ఆరు మంచములు వేసికొని ఉండు మన సహోదరులు, శుక్రవారమున ఆ మంచములనే మడిచి గోడకానించి, పదిమంది కూడి పాటలు పాడుకొనుచున్నారు. వారికి కర్టెన్ల ప్రశ్న లేదు. అయినను మంచము ప్రక్కన గోడకు పిల్లల ఛాయాచిత్రము అంటించుకొనని వాడు ఒక్కడును లేడని అక్కడనుండి వచ్చిన ఒక సహోదరుడు మాకు చెప్పెను.

ఇల్లు విడిచిపోవు దినమును గూర్చి కూడ కొంచెము చెప్పవలెను. చేరిన దినమున వ్రాసిన జాబితాను తీసి, అట్టపెట్టెలోని మంచుకొండల పటమును, ప్లాస్టికు పూవులను దుమ్ము తుడిచి ఎక్కడివక్కడ పెట్టుడి. చుట్టిన తివాచీని పరచుడి. తివాచీ మీద మరక ఉన్నచో దాచక చెప్పుడి. స్నానపు గదిలో ఏ కుళాయి కారునో, ఏ కిటికీ గడియ గాలికి ఊడునో, మంచినీళ్ల ట్యాంకరు ఏ వేళ వచ్చునో ఒక కాగితముమీద వ్రాసి వంటయింటి అరలో ఉంచినచో తరువాత వచ్చువారికి మేలగును. వారెవరో మనకు తెలియదు. అంటించిన కొక్కెములను మెల్లగా తీయుడి. రంగు ఊడకుండ ఉండుటకు ముందు వేడిగుడ్డతో కొంచెము కాపవలెను. కరివేపాకు కుండీకి బండిలో చోటు లేనియెడల ఎదురింటివారిని అడుగుడి. సాధారణముగా వద్దనరు.